రేవు దాకా వచ్చిన గోధుమలు

(కాకినాడలో విద్యార్థులు, పెద్దలు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నేను ప్రొఫెసర్ని కాను, డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లు కార్గో సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఓడలోకి ఎక్కే సరుకు, ఓడలోంచి దిగే సరుకు చూసి, తూకం ఎంత, తేమ ఎంత, పురుగు పట్టిందా, తడిసిందా అని రాసి సంతకం పెట్టడం నా పని. సర్వీసులో ఎక్కువ భాగం ఇక్కడే, మన కాకినాడ యాంకరేజిలో, అంటే ఓడలు లంగరు వేసే చోట, బియ్యం బస్తాల మధ్య గడిచింది. యుద్ధం జరిగే చోట జనానికి సాయం అందించడంలో ఉన్న కష్టాల గురించి మాట్లాడమని అడిగారు. నేను యుద్ధం కళ్లతో చూడలేదు. కానీ తిండి గింజ ఓడ దిగి మనిషి కంచంలోకి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో నాకు తెలుసు. తెలిసిన దారి పట్టుకునే మాట్లాడతాను. ఒకే దేశం, యెమెన్. అందులోనూ ఎక్కువగా ఒకే రేవు, హొదైదా.

ముందు ఇటు చూడండి. ఈ గ్లాసులో నీళ్లున్నాయి. ఒక పాత బస్తాలోంచి తెచ్చిన గోధుమలు గుప్పెడు ఇందులో వేస్తున్నాను. మంచి గింజలు అడుక్కి పోయాయి. చాలా గింజలు పైనే తేలుతున్నాయి, వెనకాల కూర్చున్నవాళ్లకు కూడా కనిపిస్తోందనుకుంటాను. తేలినవన్నీ డొల్ల. ఇది ముక్కు పురుగు చేసే పని. తల్లి పురుగు గింజకు సన్నటి కన్నం చేసి, లోపల గుడ్డు పెట్టి, ఆ కన్నాన్ని మళ్లీ మూసేస్తుంది. పిల్ల పురుగు లోపలున్న పిండి అంతా తినేసి బయటికొస్తుంది. పైకి చూస్తే గింజ గింజలాగే ఉంటుంది. వేళ్ల మధ్య నొక్కితే పొట్టు మిగులుతుంది. బస్తాలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, ఒక రకమైన ముక్క వాసన వస్తుంది. ఆ వెచ్చదనం తగిలిందంటే మా గుండె జారిపోయేది.

ఈ డొల్ల గింజలు తెచ్చిన కారణం చెబుతాను. హొదైదా ఊరికి తూర్పు అంచున రెడ్ సీ మిల్స్ అని పెద్ద పిండి మిల్లు ఉంది. 2018 సెప్టెంబరులో అక్కడి సైలోల్లో, అంటే ధాన్యం పోసే ఎత్తైన గోదాముల్లో, ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం, అదే డబ్ల్యూఎఫ్‌పీ, నిల్వ చేసిన గోధుమలు 51 వేల టన్నులు ఉన్నాయి. యాభై కేజీల బస్తాల్లో నింపితే పది లక్షల ఇరవై వేల బస్తాలవుతాయి. పది టన్నుల లారీలకు ఎత్తితే ఐదు వేల వంద లారీలు. 37 లక్షల మందికి నెల రోజులు సరిపోతాయని వాళ్ల లెక్క. అదే నెలలో యుద్ధం మిల్లు గోడల దగ్గరికి వచ్చేసింది. మిల్లు ఒకరి చేతిలో, ఊరూ, ఊళ్లోంచి మిల్లుకెళ్లే దారీ ఇంకొకరి చేతిలో. మధ్యలో మందుపాతరలు. ఆ గోధుమల దగ్గరికి డబ్ల్యూఎఫ్‌పీ మనుషులు మళ్లీ వెళ్లగలిగింది 2019 ఫిబ్రవరి 26న.

ఐదు నెలలు. గోధుమలు కొన్నారు, ఓడలో తెచ్చారు, దించారు, సైలోలో పోశారు. దాతలు ఇవ్వాల్సింది ఇచ్చారు. అయినా గింజ కదల్లేదు. యుద్ధంలో సాయం అందలేదని వింటే ఎవరూ ఇవ్వలేదేమో, చాలలేదేమో అనుకుంటాం. అదీ ఉంది, కాదనను. కానీ ఇచ్చిన సరుకును మధ్యలో ఆపగలగడం ఒక బలం అని, తుపాకీ పట్టుకున్న ప్రతివాడూ ఆ బలాన్ని వాడుకుంటాడని యెమెన్ చూశాకే నాకు అర్థమైంది. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ఆపడం గురించే. ఎక్కడెక్కడ ఆపుతారు, ఎలా ఆపుతారు.

యెమెన్ మనకు మరీ పరాయి దేశమేమీ కాదు. హైదరాబాద్ బార్కస్‌లో ఉండే చావూష్‌ల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్లే. ఆ బ్యారక్సే జనం నోట్లో బార్కస్ అయింది. ఇప్పుడు ఊరూరా దొరుకుతున్న మండీ అక్కడి వంటే. 2015 ఏప్రిల్‌లో యుద్ధం ముదిరినప్పుడు మన నౌకాదళం, ఎయిర్ ఇండియా కలిసి 4,600 మందికి పైగా భారతీయులను, 41 దేశాలకు చెందిన 960 మందిని అక్కణ్నుంచి బయటికి తెచ్చాయి. ఆపరేషన్ రాహత్ అన్నారు దాన్ని. మన యుద్ధనౌకలు మనుషుల్ని ఎక్కించుకున్న రేవుల్లో హొదైదా కూడా ఉంది. మనవాళ్లు వచ్చేశారు. అక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు.

యుద్ధం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 2014 సెప్టెంబరులో హౌతీలు, అంటే ఉత్తర యెమెన్‌లోని ఒక సాయుధ తిరుగుబాటు వర్గం, రాజధాని సనాను పట్టుకున్నారు. 2015 మార్చి 26న సౌదీ అరేబియా నాయకత్వంలో సంకీర్ణ సేనలు వైమానిక దాడులు మొదలుపెట్టాయి. ప్రపంచం గుర్తించిన ప్రభుత్వం ఏడెన్‌కు మారింది. ఉత్తరాన, ఎక్కువ జనం ఉన్న ప్రాంతం హౌతీల చేతిలో ఉంది. ఇప్పుడు మనకు కావలసిన ముక్క ఏమిటంటే, యెమెన్ తినే తిండిలో దాదాపు 90 శాతం బయటి నుంచే రావాలి. గోధుమ అయితే ఇంచుమించు అంతా దిగుమతే. దేశానికొచ్చే సరుకులో 70 శాతం దాకా హొదైదా, దాని పక్కనున్న సలీఫ్ రేవుల గుండానే వచ్చేది. గొంతు లాంటిది ఆ రేవు. గొంతు నొక్కితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

2015 ఆగస్టులో హొదైదా రేవు మీద బాంబులు పడ్డాయి. పెద్ద క్రేన్లు విరిగిపోయాయి.

ఈ మాట వార్తల్లో ఒక్క లైనులో వచ్చి పోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాకినాడ యాంకరేజిలో పనిచేసినవాళ్లెవరైనా ఈ సభలో ఉంటే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. యాంకరేజిలో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు, హోప్ ఐలాండ్ చాటున నిలబడతాయి. బార్జిల మీద బస్తాలు తీసుకెళ్లి ఓడకు ఎక్కిస్తాం. వాన పడితే హాచ్‌లు, అంటే ఓడ సరుకు గదుల మూతలు, మూసేయాలి. గాలి లేస్తే బార్జి ఆగిపోవాలి. ఒక్కరోజు ఆలస్యమైతే ఓడ యజమానికి డెమరేజి, అంటే ఆలస్యపు రుసుము, కట్టాలి, ఆ డబ్బు చివరికి బియ్యం కొనుక్కునేవాడి నెత్తినే పడుతుంది. ఒక వానాకాలం ఒక ఓడకు పదకొండు రోజులు పని సాగలేదు. ఒక షిప్పింగ్ కంపెనీవాళ్లు సరైన టార్పాలిన్లు పంపలేదు, బార్జిలోనే రెండు వందల బస్తాలు తడిసి మొలకలొచ్చాయి. వాటిని పనికిరావని రాస్తుంటే అక్కడున్న హమాలీ ఒకాయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. శాంతి ఉన్న చోట, చట్టం ఉన్న చోట, ఫోను చేస్తే పలికే చోట జరిగిన సంగతి ఇది.

హొదైదాలో క్రేన్లు పోయాక ఓడలు తమ సొంత డెరిక్‌లతో, అంటే ఓడ మీదే ఉండే క్రేన్లతో, దించుకోవాల్సి వచ్చింది. డెరిక్ లేని ఓడ ఆ రేవుకు రాలేదు. వచ్చిన ఓడ ఖాళీ కావడానికి ఎక్కువ రోజులు పడుతుంది. యుద్ధం జరిగే రేవు కాబట్టి ఇన్సూరెన్స్ పెరుగుతుంది. ఇవన్నీ కలిసి పిండి ధరలోకి వచ్చి చేరతాయి. బాంబు పడినచోట ఎవరూ చావకపోవచ్చు. దాని తాలూకు ఆకలి కొన్ని నెలల తర్వాత, వంద కిలోమీటర్ల అవతల, కొండ మీద ఒక ఇంట్లో కనిపిస్తుంది. దాన్నీ దీన్నీ కలిపి చూసేవాడు ఉండడు.

అప్పుడు డబ్ల్యూఎఫ్‌పీ అమెరికా డబ్బుతో నాలుగు మొబైల్ క్రేన్లు కొంది. ఒక్కోటి 60 టన్నుల దాకా ఎత్తుతుంది. 2017 జనవరిలో వాటిని ఓడలో తీసుకెళితే సంకీర్ణ సేనలు రానివ్వలేదు. ఓడ దుబాయ్‌కి తిరిగి వెళ్లిపోయింది. ఆ క్రేన్లు హొదైదాలో దిగింది 2018 జనవరిలో. ఏడాది! క్రేను ఆయుధం కాదు, దానితో ఎవరినీ కాల్చలేరు. అయినా ఆగింది. ఆ ఏడాదిలో ఏం జరిగిందో చూడండి.

2017 ఏప్రిల్ చివర్లో కలరా రెండోసారి విజృంభించింది. డిసెంబరుకల్లా అనుమానిత కేసులు పది లక్షలు దాటాయి. రెండు వేల మందికి పైగా చనిపోయారు. కలరా అంటే మన తాతల నాటి జబ్బు అనుకుంటాం. మంచినీళ్లు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు, వేళకు సెలైను ఉంటే మనిషి బతుకుతాడు. నవంబరు 4న హౌతీలు రియాద్ మీదికి క్షిపణి వదిలారు. రెండు రోజులకే సంకీర్ణ సేనలు యెమెన్ రేవులు, విమానాశ్రయాలు, సరిహద్దులు అన్నీ మూసేశాయి. రెడ్‌క్రాస్ పంపిన క్లోరిన్ బిళ్లలు ఉత్తర సరిహద్దు దగ్గర ఆగిపోయాయి. కలరా ఉన్న దేశానికి వెళ్తున్న క్లోరిన్ బిళ్లలవి. ఆ నెల మధ్యలో హొదైదా, సాదా, తాయిజ్ పట్టణాల్లో నీళ్ల పంపులు నిలిచిపోయాయి. పంపు నడవాలంటే డీజిల్ కావాలి, డీజిల్ రావాలంటే రేవు తెరవాలి. అందుకే, సాయం అంటే బియ్యం, దుప్పట్లు అని ఎవరైనా అంటే నేను ముందు డీజిల్ అంటాను. నీళ్ల పంపు, ఆసుపత్రి జనరేటర్, పిండి మిల్లు, లారీ, అన్నీ దానిమీదే నడుస్తాయి.

ఆయుధాలు రాకుండా చూడటం తప్పని నేననను. భద్రతా మండలి 2015 ఏప్రిల్‌లో ఆయుధ నిషేధం పెట్టింది. దాని కోసమే 2016 మే నుంచి జిబూటీలో ఐక్యరాజ్యసమితి తనిఖీ కేంద్రం నడుస్తోంది. హౌతీల రేవులకు వెళ్లే వ్యాపార ఓడ ముందు అక్కడ అనుమతి తీసుకోవాలి. పద్ధతి మంచిదే. కానీ ఆ అనుమతి చీటీ చేతిలో ఉన్న ఓడలను కూడా, ముఖ్యంగా ఇంధనం ఓడలను, సంకీర్ణ సేనలు సముద్రంలో వారాల తరబడి నిలబెట్టాయి. ఒకసారి తనిఖీ చేసి సరేనన్న ఓడను మళ్లీ ఆపితే, దాన్ని నేను తనిఖీ అనను. 2022 ఏప్రిల్‌లో కుదిరిన కాల్పుల విరమణలో మొదటి షరతుల్లో ఒకటి, రెండు నెలల్లో 18 ఇంధనం ఓడలను హొదైదాకు రానివ్వాలని. ఓడల సంఖ్య ఒప్పందంలో రాసుకోవాల్సి వచ్చింది.

తుపాకీ పేలకుండా కూడా సాయం ఆగుతుంది. మన దేశం సంగతే చెబుతాను. అఫ్ఘానిస్తాన్‌కు 50 వేల టన్నుల గోధుమలు ఇస్తామని మనం 2021లో ముందుకొచ్చాం. మధ్యలో పాకిస్తాన్ ఉంది. ఎవరి లారీల్లో వెళ్లాలన్న దాని మీదే నెలల తరబడి చర్చ నడిచింది. చివరికి అఫ్ఘాన్ లారీలే పంజాబ్ సరిహద్దులోని అట్టారీ దాకా వచ్చి ఎత్తుకున్నాయి. మొదటి 2,500 టన్నులు 2022 ఫిబ్రవరి 22న, యాభై లారీల్లో బయల్దేరాయి. చలికాలం అప్పటికి దాదాపు గడిచిపోయింది.

మళ్లీ మన మిల్లు దగ్గరికి వద్దాం. 2018 జూన్‌లో హొదైదా మీద పెద్ద దాడి మొదలైంది. సెప్టెంబరుకు మిల్లు ఉన్న తూర్పు శివారు యుద్ధరంగమైంది. డిసెంబరు 13న స్వీడన్‌లో రెండు పక్షాలూ ఒప్పందం చేసుకున్నాయి. కాల్పులు ఆపుతాం, సేనలను వెనక్కి తీసుకుంటాం, సాయానికి దారి ఇస్తాం అన్నారు. చేతులు కలిపారు, ఫొటోలు దిగారు. మిల్లుకు దారి మాత్రం రాలేదు. ప్రభుత్వ పక్షం చేతిలో ఉన్న మిల్లుకు తమ వైపు నుంచి యుద్ధరేఖ దాటి వెళ్లడానికి హౌతీలు భద్రత సాకుతో ఒప్పుకోలేదు. జనవరిలో రెండు సైలోలకు నిప్పంటుకుంది, మోర్టారు గుళ్లు పడ్డాయన్నారు. కొంత గోధుమ పాడైంది. ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి రాయబారి మార్టిన్ గ్రిఫిత్స్ ఆ ధాన్యం కుళ్లిపోయే ప్రమాదంలో ఉందని బహిరంగంగానే చెప్పారు.

గాలి ఆడించకుండా, మందు పెట్టకుండా, ఎర్ర సముద్రం ఒడ్డున ఆ వేడిలో, ఆ తేమలో గోధుమలు ఐదు నెలలు ఉంటే ఎలా ఉంటాయో నాలాంటివాడు చూడకుండానే చెప్పగలడు. పురుగు పట్టింది. పరీక్ష చేయించి, పిండికి పనికొస్తుందని తేల్చారు. ఫ్యూమిగేషన్ చెయ్యాలి, అంటే గాలి చొరకుండా మూసి, మందు బిళ్లల పొగ పెట్టి పురుగును చంపాలి. దానికి మనుషులు మిల్లులో రోజుల తరబడి ఉండాలి. ఫిబ్రవరిలో ఒకసారి చూసొచ్చాక దారి మళ్లీ మూసుకుపోయింది. తిరిగి వెళ్లగలిగింది మే నెలలో. అప్పుడు మందు పెట్టి, జల్లించి, ఆడించారు. డొల్ల గింజలు ఉంటాయి కాబట్టి బస్తాకు రావలసినంత పిండి రాదు.

ఇదిగో, ఈ గ్లాసులో తేలుతున్నవి. లెక్కల పుస్తకంలో ఇవీ గోధుమలే. తూకంలో కొంచెం తేడా వస్తుంది, అంతే. ఇవి తినే పిల్లవాడికి మాత్రం కంచంలో పొట్టు.

మిల్లు దాటాక రోడ్డు. సనా దారిలో ఎన్నో చెక్‌పోస్టులు. ప్రతిచోటా కాగితం, ప్రతిచోటా ప్రశ్నలు. తాయిజ్ ఊరి సంగతి ఒక్కటి చెబుతాను. హౌతీల ముట్టడిలో ఉన్న ఆ ఊళ్లోంచి శివారులోని హౌబాన్‌కు మామూలు రోజుల్లో పది పదిహేను నిమిషాల ప్రయాణం. రోడ్డు మూసేశాక కొండల చుట్టూ తిరిగి ఐదారు గంటలు పట్టేది. పురిటి నొప్పులతో ఉన్న మనిషికైనా అదే దారి. ఆ రోడ్డును 2024 జూన్‌లో తెరిచారు. తొమ్మిదేళ్లు పట్టింది.

ఆసుపత్రుల మాట. యుద్ధంలో సాయం చేసే సంస్థలు తామెక్కడ ఉన్నామో మ్యాపు గుర్తులతో సహా ముందే సేనలకు చెబుతాయి, ఇక్కడ బాంబు వెయ్యొద్దని. ఫ్రాన్స్‌లో పుట్టిన అంతర్జాతీయ వైద్యుల సంస్థ ఎంఎస్ఎఫ్ సాయంతో నడిచే అబ్స్ ఆసుపత్రి వివరాలు కూడా ఇచ్చారు. 2016 ఆగస్టు 15న దాని మీద బాంబు పడింది. 19 మంది పోయారు. ఎంఎస్ఎఫ్ ఉత్తర యెమెన్‌లోని ఆరు ఆసుపత్రుల నుంచి తన సిబ్బందిని వెనక్కి రప్పించుకుంది. 2018 జూన్‌లో అదే అబ్స్‌లో వాళ్లు కొత్తగా కట్టిన కలరా కేంద్రం మీద కూడా బాంబు పడింది. చిరునామా చెప్పినా కాపాడదంటే డాక్టరు ఏ ధైర్యంతో వెళతాడు?

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన చోటికి వస్తున్నాను. సరుకు ఊళ్లోకి వచ్చింది. ఎవరికివ్వాలి?

మనకు తెలియని బాధ కాదు ఇది. రేషన్ కార్డులో పేరు ఎక్కించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు ఈ సభలోనే ఉంటారు. అక్కడ ఆ జాబితా రాసేవాడి భుజాన తుపాకీ ఉందనుకోండి. సరుకు పంచేది డబ్ల్యూఎఫ్‌పీ నేరుగా కాదు, స్థానిక సంస్థల ద్వారా. హౌతీల ప్రాంతంలో ఆ సంస్థల మీద వాళ్ల పట్టు ఉంది. 2018 చివర్లో, సనాలో జాబితాలో పేర్లున్నవాళ్లకు సరుకు అందడం లేదని, లారీల్లో వచ్చింది బజారులో అమ్ముడుపోతోందని తేలింది. ఆకలితో ఉన్నవాళ్ల నోటి దగ్గర కూడు దొంగిలిస్తున్నారని అప్పటి డబ్ల్యూఎఫ్‌పీ అధిపతి డేవిడ్ బీస్లీ బహిరంగంగా అన్నారు. వేలిముద్రలు తీసుకుని కొత్త జాబితా చేస్తామంటే హౌతీలు నెలల తరబడి సాగదీశారు. 2019 జూన్ 20న సనాలో పంపిణీ ఆపేశారు. ఎనిమిదిన్నర లక్షల మంది మీద దెబ్బ పడింది. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇచ్చే ఆహారం మాత్రం ఆపలేదు. ఆగస్టులో ఒప్పందం కుదిరి మళ్లీ మొదలుపెట్టారు.

ఆపడం సరైనదేనా అని నన్ను చాలామంది అడిగారు. నేను చాలా రోజులు ఆలోచించాను. దొంగ తింటున్నాడని తెలిసి సరుకు పంపుతూ ఉంటే, ఆ దొంగ యుద్ధానికి మనమే పెట్టుబడి పెట్టినట్టు. ఆపితే, ఆ దొంగ ఒక్కపూటైనా పస్తుండడు, జాబితాలో ఉన్న ముసలమ్మ పస్తుంటుంది. నా మట్టుకు నాకు, పిల్లల ఆహారం ఆపకుండా మిగతాది ఆపి, వీలైనంత తొందరగా తిరిగి తెరవడమే ఉన్నవాటిలో తక్కువ తప్పు అనిపించింది. ఆ రెండు నెలలు సనాలో ఏ ఇంట్లో ఏం జరిగిందో తెలియకుండా ఇంతకంటే గట్టిగా మాట్లాడే హక్కు నాకు లేదు.

ఈ జాబితాల చిక్కుకు ఒక తెలివైన దారి కూడా యెమెన్‌లోనే దొరికింది. 2016 నుంచి అక్కడ లక్షలాది ప్రభుత్వ ఉద్యోగులకు జీతాలు సరిగా అందలేదు. కేంద్ర బ్యాంకు రెండు ముక్కలైంది. సంతలో పిండి ఉంది, కూరగాయలున్నాయి, టీచరు చేతిలో డబ్బు లేదు. అలాంటి చోట ఓడలో గోధుమ తేవడం కన్నా ఇంటికి డబ్బివ్వడం మేలు. ప్రపంచ బ్యాంకు సొమ్ముతో 2017లో యూనిసెఫ్ ఆ పని మొదలుపెట్టింది. జాబితా ఎవరు రాయాలి? ఎవరూ కొత్తగా రాయనక్కర్లేదన్నారు. యుద్ధానికి ముందు ప్రభుత్వ సంక్షేమ నిధిలో ఉన్న పేదల జాబితానే తీసుకుని, ఇక ఒక్క పేరు చేర్చేది లేదని గట్టిగా నిలబడ్డారు. కొత్త పేరు చేర్చే వీల్లేనప్పుడు ఏ కమాండరూ తన బావమరిది పేరు ఎక్కించలేడు. దాదాపు 15 లక్షల కుటుంబాలకు అలా డబ్బు అందింది. లోటు కూడా ఉంది. యుద్ధం వచ్చాక పేదైనవాడు, ఇల్లు పోగొట్టుకుని వచ్చినవాడు ఆ జాబితాలో లేడు. జీతం రాని టీచరూ లేడు. అయినా ఈ ఆలోచన నాకు గొప్పగా అనిపిస్తుంది. పంచే అధికారాన్నే తీసేస్తే దొంగతనానికి మొదలే ఉండదు కదా.

సాయం చేసేవాళ్ల గురించి చెప్పకపోతే పాపం. టీవీలో తెల్లవాళ్లు కనిపిస్తారు గానీ ఆ పని చేసేది చాలావరకు యెమెనీలే. డ్రైవర్లు, నర్సులు, లెక్కలు రాసే కుర్రాళ్లు. 2019 చివర్లో హౌతీలు సాయం ప్రాజెక్టుల మీద 2 శాతం సుంకం వేస్తామన్నారు, దాతలు గట్టిగా అడ్డం తిరిగితే వెనక్కి తగ్గారు. తర్వాత, మగ తోడు లేకుండా మహిళా ఉద్యోగులు ప్రయాణం చేయకూడదన్నారు. తల్లుల దగ్గర కూర్చుని పిల్ల ఎందుకు తినడం లేదని అడగాల్సింది ఆ ఆడపిల్లలే. 2023 జూలైలో, ప్రభుత్వ పక్షం చేతిలో ఉన్న తాయిజ్ జిల్లా తుర్బా ఊళ్లో ఒక డబ్ల్యూఎఫ్‌పీ అధికారిని కాల్చి చంపారు. 2024 జూన్ నుంచి హౌతీలు పదుల సంఖ్యలో ఐక్యరాజ్యసమితి ఉద్యోగులను పట్టుకుపోయి నిర్బంధించారు. 2025 ఫిబ్రవరిలో ఒక డబ్ల్యూఎఫ్‌పీ ఉద్యోగి ఆ నిర్బంధంలోనే చనిపోయాడు. ఐక్యరాజ్యసమితి సాదా ప్రాంతంలో పని ఆపేసింది. గింజ మోసే చేతులకే సంకెళ్లు పడితే, రేవులో ఎన్ని క్రేన్లున్నా లాభం లేదు.

ఆ క్రేన్లకు కూడా మళ్లీ గండం వచ్చింది. 2023 నవంబరు నుంచి హౌతీలు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలుపెట్టారు. 2024 జూలై 20న ఇజ్రాయెల్ విమానాలు హొదైదా రేవు మీద బాంబులు వేశాయి. ఇంధనం ట్యాంకులు రోజుల తరబడి తగలబడ్డాయి, క్రేన్లు దెబ్బతిన్నాయి. ఆ వీడియో మా మనవడు ఫోనులో చూపిస్తే నేను మంటల్ని చూడలేదు, వెనకాల క్రేను బూమ్, అంటే దాని పొడవాటి చెయ్యి, ఏ వైపు వంగి ఉందో చూశాను.

2021 చివరికి యెమెన్ యుద్ధం వల్ల 3 లక్షల 77 వేల మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అంచనా వేసింది. అందులో దాదాపు 60 శాతం తూటాలతో, బాంబులతో పోలేదు. తిండి లేక, మంచినీళ్లు లేక, వైద్యం అందక పోయారు. వాళ్లలో ఎక్కువమంది పసిపిల్లలు.

ఇదిగో, ఈ కాగితం టేపు మీకు చూపించాలని తెచ్చాను. మన అంగన్‌వాడీల్లో కూడా ఇలాంటిది ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ ఎడమ జబ్బకు, భుజానికీ మోచేతికీ మధ్యలో చుట్టి, ఈ కిటికీలో ఏ రంగు కనబడితే అది. పన్నెండున్నర సెంటీమీటర్లు, ఆపైన పచ్చ. పదకొండున్నర నుంచి అక్కడిదాకా పసుపు. పదకొండున్నర కన్నా తక్కువైతే ఎరుపు. ఎరుపంటే వెంటనే వైద్యం మొదలుపెట్టాలి. పదకొండున్నర సెంటీమీటర్లంటే ఎంతో తెలుసా? నా బొటనవేలూ చూపుడు వేలూ కలిపి చుడితే ఇంకా సందు మిగులుతుంది. పెద్దవాళ్ల మణికట్టు కన్నా సన్నం.

ఎరుపు వచ్చిన బిడ్డకు ఇచ్చేది వేరుశనగ ముద్ద. 92 గ్రాముల పొట్లం, 500 క్యాలరీలు. వేరుశనగ, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు, అందుకే కలరా ఉన్న చోట కూడా భయం లేదు. తల్లి మూల చింపి నోట్లో పెడితే పిల్లే చప్పరిస్తుంది. కొన్ని వారాలు క్రమం తప్పకుండా తింటే చాలామంది పిల్లలు తేరుకుంటారు. క్రమం తప్పకుండా అన్న మాట మీదే అంతా ఉంది. మూడో వారం రోడ్డు మూస్తే, నాలుగో వారం ఓడ ఆగితే, ఐదో వారం పొట్లాలు తెచ్చే కుర్రాణ్ని పట్టుకుపోతే, టేపు మళ్లీ ఎరుపుకే వస్తుంది. 2023 డిసెంబరులో నిధులు చాలక, హౌతీలతో జాబితా మీద ఒప్పందం కుదరక, ఉత్తరాన మామూలు ఆహార పంపిణీని డబ్ల్యూఎఫ్‌పీ ఆపేసింది. ఒక కారణం మన వైపున్న ప్రపంచానిది, ఒకటి వాళ్లది. బిడ్డ జబ్బకు ఆ తేడా తెలియదు.

ఇందాక సభ మొదలయ్యే ముందు ఒక అమ్మాయి నన్ను అడిగింది, ఇవన్నీ తెలిశాక కూడా మేం డబ్బివ్వాలా అంకుల్ అని. ఇవ్వమ్మా. ఇచ్చాక ఊరుకోవద్దు. ఓడ బయల్దేరిందన్న వార్త చదివితే, దిగిందా అని అడుగు. దిగిందంటే, కదిలిందా అని అడుగు. ఓడ ఎక్కించేటప్పుడు కెమెరాలు ఉంటాయి, నేను చూశాను. దించేటప్పుడు ఎవరూ ఉండరు.

ఆ టేపును వెనక వరుస దాకా పంపించండి. ఒక్కసారి చేత్తో చుట్టి చూడండి. చూశాక జాగ్రత్తగా నాకు తిరిగి ఇవ్వండి, రేపు పిఠాపురంలో ఒక బడికి తీసుకెళ్లాలి.